ఆగిన నౌక చచ్చిన నౌక

మంచి పుస్తకం మనిషిని మారుస్తుందంటారు. మారిస్తే మార్చనీ, మనకేం పోయింది? కానీ ఆ మారిన మనిషి చేతికింద ఒక డిపోనిండా బస్సులుంటే ఏమవుతుందో ఈ మాట కనిపెట్టినవాళ్ళు ఆలోచించినట్టు లేదు.

నా పేరు ఓబులేసు. పెన్నలూరు బస్టాండులో కంట్రోలర్ని. వచ్చే బస్సు గురించి మైకులో చెప్పడం, ఆలస్యంగా వచ్చిన బస్సు గురించి డ్రైవర్ని అడగడం, అసలే రాని బస్సు గురించి జనంతో తిట్లు తినడం నా ఉద్యోగం. ఈ మూడో పనిలో నాకు మంచి అనుభవం ఉంది. ఎంత తిట్టినా ముఖం చిట్లించకుండా ఉండగలను. ఆ విద్యే లేకపోతే కిందటేడు నేను బతికి బట్టకట్టేవాణ్ణి కాదు.

కిందటేడు మా డిపోకు హరిశ్చంద్రప్రసాద్ గారు మేనేజరుగా వచ్చారు. మనిషి నిప్పు. పైసా ముట్టడు. టీ కూడా ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు. తినే అధికారి అయితే ఎక్కడో ఒకచోట కడుపు నిండుతుంది, ఆగుతాడు. నిజాయితీపరుడికి ఆశయం పుడితే ఆపేవాడు లేడు.

ఆయన ఆశయం ఒక నవల. పేరు 'రోదసీ రాణువ', అంటే ఆకాశ సైన్యం. యాభై ఏళ్ళ కిందట పాకెట్ పుస్తకంగా వచ్చింది. రాసినవాడు 'ఉల్క' అని కలంపేరు పెట్టుకున్న ఎవరో. అంతరిక్షంలో యుద్ధాల కథ. మహాసేనాని దుర్జయుడు తన నౌకాదళంతో చుక్కల మధ్య దూసుకుపోతుంటాడు. ఏ గ్రహం మీదా దిగడు. ఏ గ్రహం దగ్గరా వేగం తగ్గించడు. "ఆగిన నౌక చచ్చిన నౌక!" అని అధ్యాయానికోసారి గర్జిస్తాడు. ఆ కాలంలో మగపిల్లలు లెక్కల పుస్తకంలో దాచుకుని చదివారట. అది చదివి సైన్యంలో చేరినవాళ్ళున్నారు. ఇంజనీర్లయినవాళ్ళున్నారు. కొడుక్కి దుర్జయ్ అని పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. హరిశ్చంద్రప్రసాద్ గారు మాత్రం రవాణా సంస్థలో చేరారు.

ఛార్జి తీసుకున్న రోజే గ్యారేజి ముందు అందరినీ నిలబెట్టి ఉపన్యసించారు.

"మిత్రులారా! మన డీజిల్ ఎక్కడ వ్యయమవుతోంది? బస్సు నడవడంలో కాదు. బస్సు ఆగడంలో, ఆగినది పునః బయలుదేరడంలో. ఈ మౌలిక సత్యాన్ని దుర్జయుడు అర్ధ శతాబ్దం కిందటే దర్శించాడు. మనం ఈనాటికీ గ్రహించలేదు."

డ్రైవర్ చెన్నకేశవులు చెయ్యెత్తాడు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి, అందుకే నోట్లో మాట దాచుకోడు. "సార్, నిలపకపోతే ప్యాసింజర్లు ఎట్ల ఎక్కుతారు?"

హరిశ్చంద్రప్రసాద్ గారు చేతిలోని పుస్తకాన్ని చాలాసేపు తిరగేశారు. కొసకు తలెత్తి, "గ్రంథంలో ప్యాసింజర్ల ప్రస్తావన లేదు" అన్నారు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఇకపై డిపోను స్థావరమనియు, బస్సును నౌక అనియు, డ్రైవరును నౌకాధిపతి అనియు, కండక్టరును ఉపనౌకాధిపతి అనియు వ్యవహరించవలెను." ప్యాసింజర్లకు ఏం పేరు పెట్టాలో తెలియక కొన్నాళ్ళు తర్జనభర్జన పడ్డారు. నవలలో నౌక మోసేదాన్నల్లా భారం అంటారు. కాబట్టి వాళ్ళకు 'భారం' అని ఖరారైంది. నిజం చెప్పాలంటే మా సంస్థలో చాలామందికి ఈ ఒక్క మార్పూ కొత్తగా అనిపించలేదు.

నేను మైకు పట్టుకున్నాను. "ఈతలమిట్ట మీదుగా ముద్దవరం వెళ్ళు నౌక రెండవ ప్రయోగవేదిక నుండి నిష్క్రమించుచున్నది. భారము కదులుతున్న నౌకలోనికి ప్రవేశించవలెను!"

ఒక ముసలామె నా కిటికీ దగ్గరికొచ్చి, "నౌక యాడికి పోతాది నాయనా? మా ఊర్లో ఏరే ఎండిపోయిండాది" అంది.

బస్సు బస్టాండు చుట్టూ మెల్లగా తిరుగుతుంటే జనం దాని వెంట పరిగెత్తి ఎక్కేవాళ్ళు. ఎక్కినవాళ్ళకు దిగడం సమస్య. దానికి స్టాపుల్లో ఇసుక పోయించారు. "భారము ఇసుకపై అవతరించవలెను" అని బోర్డు కూడా పెట్టారు. వారం తిరక్కుండా ఇసుకంతా చుట్టుపక్కల కట్టే ఇళ్ళ గోడల్లోకి పోయింది, బోర్డు మిగిలింది. కాయగూరల రైతులు ముందు గంపలు విసిరి, వాటి మీద తాము దూకడం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో పెన్నలూరులో టమాటా పచ్చడి తినని ఇల్లు లేదు. దూకి కాలు విరగ్గొట్టుకున్నవాళ్ళకు మేనేజరుగారు ఆసుపత్రికి స్వయంగా వెళ్ళి 'క్షతగాత్ర వీరుడు' అని ప్రశంసాపత్రం ఇచ్చేవారు. ఎక్కేటప్పుడు భారం, పడ్డాక వీరుడు.

ఇదంతా పైవాళ్ళు చూస్తూ ఊరుకున్నారా అని మీరడగొచ్చు. ఊరుకోలేదు, షీల్డు ఇచ్చారు. మా సంస్థలో దేవుడి తర్వాత దేవుడు లీటరుకెన్ని కిలోమీటర్లనే లెక్క. ఆగని బస్సు డీజిల్ తక్కువ తాగుతుంది. మా డిపో మైలేజీ చూసి రాజధానిలో ఉన్న పెద్దాఫీసు కళ్ళు తిరిగాయి. కలెక్షను సగానికి పడిపోయింది గదా అని ఎవరో కొర్రీ వేస్తే, "భారము తగ్గుటచే వేగము పెరిగినది" అని మేము బదులు రాశాం. దానికి అభినందనలు తెలుపుతూ ఇంకో ఉత్తరం వచ్చింది.

అలాంటి ఒక పొద్దున పాలవ్యాను మీద సుంకన్న అయ్యవారు దిగాడు. ఈతలమిట్ట ఆయనది. మా ప్రాంతంలో సగం మందికి ఆయన బడిలో సైన్సు చెప్పినవాడే, నాక్కూడా. వెంట ఆయన భార్య తిరుపాలమ్మ. రెండు పాదాలూ పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. బెంచీ మీద కూలబడి ఊపిరి కూడదీసుకుంటోంది. ఆమెకు మూత్రపిండాలు పాడై రెండేళ్ళవుతోంది. వారానికి మూడుమార్లు పెన్నలూరు పెద్దాసుపత్రికొచ్చి డయాలిసిస్ చేయించుకోవాలి. తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరాడదు. ఆటోవాళ్ళు అంత దూరం రారు. వచ్చినా ఆ గుంతల దారిలో ఆ కుదుపుకు ఆమె నిలవలేదు. ఎప్పుడన్నా పాలవ్యాను దొరికితే సరి, లేకపోతే బస్సొక్కటే దిక్కు.

"ఓబులేసూ, మా ఊర్లో బస్సు నిలపడం ల్యా. మీ డ్రైవర్లకు ఏం రోగమొచ్చిందిరా?" అన్నాడు అయ్యవారు.

"రోగం డ్రైవర్లకు కాదయ్యవారూ, పైన" అని, నా టేబులు మీద ఉన్న పుస్తకం ఆయన చేతికిచ్చాను. మాకందరికీ తలా ఒకటి ఇచ్చారు. దాని మీద పరీక్ష కూడా పెట్టారు.

ఆయన అట్ట చూశాడు. రెండు పేజీలు తిప్పాడు. నా కుర్చీలో, నన్నడక్కుండానే, మెల్లగా కూర్చున్నాడు.

"దీన్ని రాసినోడు బతికుండాడో లేదో ఎవురన్నా కనుక్కున్న్యారా?"

"లేదయ్యవారూ."

"ఉండాడు" అన్నాడాయన. "వాని పెండ్లానికి బస్సు దొరకడం ల్యా."

అవతల ముద్దవరం నౌక నాలుగోసారి చుట్టు తిరుగుతూ హారను కొడుతోంది. నేను మైకు కట్టేసి విన్నాను.

కుర్రతనంలో ఆయన మిలిట్రీ స్టోర్సులో గుమాస్తాగా చేశాడట. "బూట్లడిగినోనికి టోపీ ఇచ్చేది. టోపీ అడిగినోనికి సెల్యూట్ కొట్టడం నేర్పిచ్చి పంపేది. ఎందుకురా అంటే రూలు అనేది. దాన్ని ఎగతాళి చేస్తా రాసిన పుస్తకమబ్బా ఇది! ఆ దుర్జయుడు ఒట్టి మొద్దు. కడపటి అధ్యాయంలో వాడు తిరిగి తిరిగి మన భూమికాడికే వస్తాడు. ఇంటి దీపాలు కనపడతాంటాయి. దిగుదామంటే ఆపేది ఎట్లనో నౌకలో ఒక్కనికీ గుర్తుండదు. అట్లే పోతారు. అంతే కథ."

"ఆ అధ్యాయం ఇందులో లేదే!"

"యాడుంటాది? పాకెట్ పుస్తకమంటే, ఫారానికి పదారు పేజీల లెక్కన, ఎనిమిది ఫారాలేనంట. అంతకు మించితే కాయితం గిట్టదంట. నాది ఎనిమిదిన్నర వచ్చింది. పబ్లిషరు ఎనిమిదో ఫారం యాడ అయిపోయిందో ఆడ 'సమాప్తం' అని వేసేసినాడు. అడిగితే, అదే మేలు పొయ్యా, వీరుడు వీరుని మాదిరే ఉండాడు అన్న్యాడు."

బెంచీ మీది నుంచి తిరుపాలమ్మ అంది, "ఏమయ్యా, ఆ పుస్తకం ముచ్చట తర్వాత. ఆ మేనేజర్ని అడుగు పో. బస్సు నిలపమను. రాసింది నువ్వే గదా, నీ మాట వినక ఎవురి మాట వింటాడు?"

లోకం తెలియని తల్లి.

నేను ఆయన్ని మేనేజరుగారి గదిలోకి తీసుకుపోయాను. ఈయనే ఉల్క అని తెలియగానే హరిశ్చంద్రప్రసాద్ గారు కుర్చీలోంచి లేచి, టేబులు చుట్టూ తిరిగి వచ్చి, ఆయన కాళ్ళ మీద పడ్డారు. కళ్ళనీళ్ళు నిజమైనవే, నేను చూశాను. "గురుదేవా! నా జీవితాన్ని మలచిన మహానుభావులు!" ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చారు. ఆ టీ ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

అయ్యవారు టీ తాగి, విషయం చెప్పాడు. అది ఎగతాళి పుస్తకమని, దుర్జయుడు మూర్ఖుడని, ఆఖరి అధ్యాయం కోసేశారని, ఈతలమిట్టలో బస్సు ఆపాలని.

హరిశ్చంద్రప్రసాద్ గారు చిరునవ్వు చెదరకుండా విన్నారు. "మాస్టారూ, మీ వినయం తెలుస్తూనే ఉంది. కానీ రచయితకు తాను రాసినది పూర్తిగా తెలియదని పెద్దలన్నారు. తమరు రాసి వదిలేశారు. నేను ముప్ఫై ఏళ్ళుగా ప్రతి సంవత్సరం పారాయణ చేస్తున్నాను. ఇద్దరిలో గ్రంథం ఎవరికి ఎక్కువ తెలుసు, తమరే చెప్పండి."

"నా పెండ్లానికి ఊపిరాడటం లేదు సార్. అది నాకు ఎక్కువ తెలుసు."

"తప్పక సానుభూతితో పరిశీలిస్తాం. విషయాన్ని సంఘానికి నివేదిస్తాను."

గ్రంథ వ్యాఖ్యాన సంఘమని ఒకటుందని నాకప్పుడే తెలిసింది. గ్యారేజి ఫోర్‌మన్, టైర్ల విభాగం సూపర్వైజరు, సెక్యూరిటీ ఇన్‌స్పెక్టరు సభ్యులు. అయ్యవారు వాళ్ళ ముందు నిలబడి ఆఖరి అధ్యాయం మొత్తం కంఠతా చెప్పాడు. రాతప్రతిని ఎప్పుడో చెదలు తినేసింది. భూమి దగ్గరికొచ్చి దిగలేకపోయిన చోట టైర్ల సూపర్వైజరు ముక్కు చీదుకున్నాడు. ఆ తర్వాత ముగ్గురూ లోపలికి పోయి, బయటికొచ్చి, తీర్పు చదివారు. "సదరు అధ్యాయము మిక్కిలి హృద్యముగా ఉన్నప్పటికిని, డిపోయందలి ప్రతులలో కానరానందున, దీనిని ప్రక్షిప్తముగా నిర్ధారించడమైనది. కవి స్వయముగా చేర్చినను ప్రక్షిప్తము ప్రక్షిప్తమే."

ఎవరి పద్యాన్నయినా ప్రక్షిప్తం అన్నారని విన్నాను గానీ, ఎదురుగా నిలబడి ఉన్న కవితోనే ఆ మాట అన్నవాళ్ళను నేనింకెక్కడా చూడలేదు.

అయితే అంతటి రచయితను ఉత్తచేతులతో పంపుతారా? ఘనసన్మానం చేయాలని నిర్ణయించారు. స్థావరం ఆవరణలో షామియానా వేశారు. అయ్యవారు రానంటే రానన్నాడు. ఆ రోజు డయాలిసిస్ ఉందన్నాడు. "భేషుగ్గా! మా కారులోనే దంపతులను తీసుకొస్తాం, సభ కాగానే అటునుంచి అటే ఆసుపత్రికి" అన్నారు. కారనేసరికి ఆయన ఒప్పుకున్నాడు. ఆమె కోసమే ఒప్పుకున్నాడు.

సభలో నలుగురు మాట్లాడతారన్నారు, పద్నాలుగు మంది మాట్లాడారు. రోదసీ రాణువకూ రవాణా రంగానికీ గల అవినాభావ సంబంధం గురించి ఒకాయన మాట్లాడుతూ మధ్యలో నీళ్ళు తాగి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. వేదిక మీద ముందు వరుసలో తిరుపాలమ్మ మెడలో పూలదండ, ఒళ్ళో శాలువా. ముఖం నల్లబడిపోతోంది. నేను రెండుసార్లు వేదిక వెనక్కి పోయి చెప్పాను. "వందన సమర్పణ కాకుండా మధ్యలో ఎలా లేపుతాం, మర్యాద కాదు" అన్నారు. చివర్లో చప్పట్ల మధ్య దంపతులిద్దరికీ జీవితకాల ఉచిత పాస్ బహూకరించారు. సంస్థ వారి ఏ నౌకలోనైనా, ఎంత దూరమైనా, ఆజన్మాంతం ప్రయాణించవచ్చు. నౌక ఆగదు, అంతే.

ఆసుపత్రికి చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది, మిషను ఇంకొకరికి పెట్టేశారు. మర్నాటిదాకా వరండాలో ఆక్సిజను పెట్టి ఉంచారు. ఆ వరండాలో అయ్యవారు శాలువాతో ఆమె కాళ్ళు తుడుస్తుంటే చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఈ కథను ఇంత నవ్వుతూ చెబుతున్నానంటే నన్ను అపార్థం చేసుకోకండి.

ఆమె కాస్త కోలుకున్నాక మేనేజరుగారే ఒక ఉపాయం చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. "మాస్టారూ, పాత అధ్యాయం చెల్లదు. కానీ తమరు జీవించి ఉన్న రచయిత. సంస్థ అభ్యర్థనపై కొత్త అధ్యాయం రాయండి. అందులో నౌక ఆగినట్టు రాస్తే మేం శిరసావహిస్తాం. ఆధారం లేకుండా నేనెలా ఆపగలను? రేపు ఆడిట్ వారు అడిగితే ఏ పేజీ చూపించను?"

అయ్యవారు ఇంటికి పోయి రాశాడు. ఈతలమిట్ట అనే గ్రహం కనపడుతుంది. దాని అంచున ఒక వృద్ధురాలు నిలబడి ఉంటుంది. దుర్జయుడి గుండె కరుగుతుంది. "నౌకను ఆపండి!" అంటాడు. నౌక ఆగుతుంది. దళమంతా ఆమెకు వందనం చేస్తుంది. ఎనిమిది ఫారాలు దాటకుండా, వెనకాల ఖాళీగా ఉన్న పేజీలో పట్టేటట్టు చిన్నగా రాశాడు. ఒకసారి దెబ్బ తిన్నవాడు కదా.

సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. ఉత్తర్వు వచ్చింది. ఇకపై ప్రతి నౌకా ఈతలమిట్ట దగ్గర తప్పనిసరిగా ఆగవలెను. ప్రతి నౌకా అంటే ప్రతి నౌకా! తూర్పున కోటపాడుకు పోవాల్సిన బస్సు కూడా పడమటకు ఈతలమిట్ట దాకా పోయి, ఆగి, వెనక్కి తిరిగి కోటపాడు పోయేది.

మొదటిరోజు చూద్దామని నేను సెలవు పెట్టి ఈతలమిట్టకు పోయాను. స్టాపులో తిరుపాలమ్మ కొత్త చీర కట్టుకుని నిలబడింది. పక్కన అయ్యవారు, చేతిలో ఆసుపత్రి సంచి. అక్కడినుంచి వెనక్కి తిరిగి పెన్నలూరు మీదుగా పోయే కోటపాడు నౌక వచ్చింది. నడిపేది చెన్నకేశవులు. ఎన్నాళ్ళకో ఆ చక్రాలు ఆ స్టాపులో ఆగాయి. ఆ బ్రేకు చప్పుడు నా చెవికి ఎంత ఇంపుగా ఉందో చెప్పలేను.

తలుపు తెరుచుకోలేదు.

లోపల చెన్నకేశవులు, కండక్టరు అటెన్షన్లో నిలబడి ఆమెకు సెల్యూట్ కొట్టారు. మళ్ళీ కూర్చున్నారు. బస్సు కదలబోయింది.

అయ్యవారు తలుపు మీద గుద్దాడు. "తెరువప్పా చెన్నకేశవులూ!"

చెన్నకేశవులు కిటికీలోంచి తల బయటపెట్టాడు. ముఖం వేలాడేసుకున్నాడు. "తెరవగూడదంట అయ్యవారూ. నౌక ఆగిందని రాసినావంట, ఎవురన్నా ఎక్కినారని రాయలేదంట. తెరిస్తే సస్పెండు."

అయ్యవారు అలాగే నిలబడిపోయాడు. ఆ అధ్యాయం రాసిన చెయ్యి తలుపు మీద ఉంది. "మరచిపోయినా తిరుపాలూ" అన్నాడు. "ఎక్కినారని రాసేది మరచిపోయినా."

తిరుపాలమ్మ పొంగిన పాదాలు ఈడ్చుకుంటూ బస్సు ముందుకు నడిచింది. బంపరుకు మూరెడు దూరంలో, రోడ్డు మధ్యన, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"ఇప్పుడు పోనీ" అంది.

చెన్నకేశవులు ఇంజను ఆపేశాడు. వెనక ముద్దవరం నౌక వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. అన్ని బస్సులూ ఈతలమిట్టకు రావాల్సిందేనని ఉత్తర్వు కదా, ఒకదాని వెనక ఒకటి వచ్చి, సెల్యూట్ కొడదామంటే ముందుకు దారి లేక, నిలబడ్డాయి. మిట్ట మీది నుంచి చూస్తే డిపో మొత్తం ఆ రోడ్డు మీదే ఉంది. లోపల ఉన్నవాళ్ళు నెలల తరబడి కదిలే బస్సులోంచి దూకినవాళ్ళు. ఆగిన బస్సు చూసి ముందు నమ్మలేదు. తర్వాత ఎవరో వెనక తలుపు తన్నారు. బిలబిలమని జనం దిగారు. ఒకామె కేవలం మెట్టు మీద రెండు కాళ్ళూ ఆన్చి దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది. ఆ సుఖం మీకు తెలియదు.

జీపులో హరిశ్చంద్రప్రసాద్ గారు వచ్చారు. పుస్తకం తెరిచి, దారిలో శత్రువు కూర్చుంటే ఏం చేయాలో వెదికారు. నిలబడ్డ శత్రువు గురించి ఉంది, ఎగిరే శత్రువు గురించి ఉంది. కూర్చున్న శత్రువు గురించి లేదు.

"అమ్మా, తమరు లేవాలి. ఇది సంస్థ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం" అన్నారు.

"లేయలేను నాయనా" అంది తిరుపాలమ్మ. అది మొండితనం కాదు, నిజంగానే లేవలేకపోయింది. ఊపిరి ఎగశ్వాసగా వస్తోంది. పెదాలు నల్లబడ్డాయి.

ఆ తర్వాత ఎవరు ఏం చెప్పారో నాకు తెలియదు. నలుగురు ఆడవాళ్ళు ఆమెను చేతుల మీద ఎత్తి బస్సులో పడుకోబెట్టారు. అయ్యవారు ఎక్కాడు. నేనూ ఎక్కాను. చెన్నకేశవులు ఎవరి ముఖం చూడలేదు, బండి తిప్పి వదిలాడు. ఆసుపత్రి గేటు దాకా ఎక్కడా ఆపలేదు. ఆ ఒక్కరోజు మాత్రం ఆగకపోవడం ఎందుకో నాకు అర్థమైంది. ఈసారి మిషను ఆమెకు దొరికింది.

హరిశ్చంద్రప్రసాద్ గారు ఏం చేస్తారోనని మేమంతా భయపడ్డాం. చెన్నకేశవులు సస్పెన్షనుకు సిద్ధపడి పెట్టె సర్దుకున్నాడు. కానీ గొప్ప అధికారి ఓటమిని ఓటమిగా చూడడు. వారంలో కొత్త ఉత్తర్వు వచ్చింది. "ఈతలమిట్ట యుద్ధమునందు భారము ప్రదర్శించిన భూస్థిత నిరోధ వ్యూహము అత్యంత ఫలప్రదమని తేలినందున, దీనిని స్థావర పరిధిలోని అన్ని స్టాపులకు వర్తింపజేయడమైనది. నౌక ఎక్కగోరువారు స్టాపునకు ఎదురుగా రోడ్డుపై పద్మాసనమున గాని, సాధ్యపడనిచో సుఖాసనమున గాని ఉపవిష్టులు కావలెను. నిలబడినవారికి నౌక ఆగదు."

చెన్నకేశవులుకు పతకం ఇచ్చారు. పెద్దాఫీసు ఇంకో షీల్డు పంపింది. ఈ విధానం రాష్ట్రమంతా పెడతారని వింటున్నాను.

ఇప్పుడు మా దగ్గర బస్సులు ప్రతి స్టాపులోనూ ఆగుతున్నాయి, తలుపులు తెరుచుకుంటున్నాయి. కాకపోతే జనం రోడ్డు మీద బాసింపట్టు వేసుక్కూర్చోవాలి. ఎండాకాలమొచ్చింది, తారు కాలిపోతోంది. పిల్లతల్లులు, ముసలివాళ్ళు, పంచె తడుపుకుని కింద వేసుకునేవాళ్ళు, అందరూ కూర్చుంటున్నారు. అలవాటైపోయింది. "ఎంతైనా ఈ మేనేజరు మంచోడు, బస్సు నిలపతాండాడు" అని కూడా అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నా మైకు ఎత్తి నేలకేసి కొట్టాలనిపిస్తుంది.

మొన్న ఈతలమిట్ట మీదుగా వస్తూ చూశాను. తిరుపాలమ్మ రోడ్డు మీద కూర్చుని ఉంది, కింద సన్మానం శాలువా నాలుగు మడతలు వేసి ఉంది. పక్కనే అయ్యవారు గొడుగు పట్టుకుని, మోకాలి మీద కాగితాలు పెట్టుకుని ఏదో రాస్తున్నాడు. మేనేజరుగారు రెండో భాగం అడిగారట.

బస్సు ఆగింది, తలుపు తెరిచారు. నేను దిగి ఆమెకు చెయ్యి అందించాను. లేస్తూ లేస్తూ ఆమె మొగుడి వైపు చూసి, "ఏమయ్యా" అంది, "ఈసారి యాడన్నా ఒక కుర్చీ రాయి."